నెల రోజుల సంగీత క్యాంపులో పిల్లలకు ఏం జరుగుతుంది

విజయవాడ, గుంటూరు వాళ్లకి పిల్లల్ని హాస్టల్లో వెయ్యడం కొత్తేం కాదు. ఇంటర్‌కి హాస్టల్ అనగానే ఏం అడగాలో ఇక్కడ ప్రతి తల్లికీ తండ్రికీ తెలుసు. సెక్షన్‌లో ఎంతమంది, వీక్లీ టెస్టులు ఎలా పెడతారు, మెస్ ఎలా ఉంటుంది, ఔటింగ్ ఎన్నాళ్లకోసారి. అదే పిల్ల వేసవిలో నెల రోజులు సంగీతం నేర్చుకోవడానికి వేరే ఊరు వెళ్తానంటే మాత్రం ఏం అడగాలో తోచదు. దాంతో అలవాటైన లెక్కల్లోనే అడుగుతారు. "నెలలో ఎన్ని కీర్తనలు చెప్తారండీ?" "సర్టిఫికెట్ ఇస్తారా?" "చివర్లో స్టేజీ మీద పాడిస్తారా?"

నేను సత్యనారాయణపురంలో గాత్రం, వీణ చెప్తాను. ఏటా ఏప్రిల్ వచ్చేసరికి ఈ ప్రశ్నలన్నీ మా ఇంటికి వస్తాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మంచి క్యాంపు నుంచి పిల్లలు తెచ్చుకునేది పాటలు కాదు, సాధకం (రోజూ కూర్చుని చేసే అభ్యాసం) చేసే పద్ధతి. అది పట్టుబడే క్రమంలో మొదటి వారం పది రోజులు పిల్లల పాట ముందుకంటే పాడైనట్టు కనిపిస్తుంది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు కాబట్టి నాలుగో రోజుకే అటు పిల్లా ఇటు తల్లీ ఫోన్లో ఏడుస్తారు. ఐదో రోజుకి "వచ్చి తీసుకుపోండి" దాకా వస్తుంది. లోపల అసలు ఏం జరుగుతుందో తెలిస్తే ఈ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

క్యాంపు అంటే ఏ క్యాంపు?

ఈ ఒక్క పేరు కింద మూడు వేరువేరు వ్యవహారాలు నడుస్తున్నాయి. గందరగోళం అక్కడే మొదలవుతుంది.

మొదటిది గురుకులం పద్ధతి. ఒక గురువు, పది పన్నెండుమంది పిల్లలు, ఒకే ఆవరణలో బస. పొద్దున లేచింది మొదలు గురువుగారి పాట చెవిన పడుతూనే ఉంటుంది. క్లాసులో చెప్పించుకున్నదానికంటే, గురువు తన సాధకం తాను చేసుకుంటున్నప్పుడు విన్నదే పిల్లలకి ఎక్కువ ఒంటబడుతుంది. ఈ పద్ధతి బెజవాడకి బాగా తెలిసినదే. త్యాగరాజస్వామి శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, పంతులుగారి శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. ఆ వరసంతా గురువు ఎదురుగా కూర్చుని ఏళ్ల తరబడి విని నేర్చుకున్నదే. బాలమురళిగారు ఎనిమిదేళ్లకే ఇక్కడ త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేశారని మనవాళ్లు పిల్లల ముందు చెప్తుంటారు. నిజమే, కానీ ఆయన తండ్రే సంగీత విద్వాంసుడు, ఆపైన పంతులుగారి శిక్షణ. ఆ పోలిక తెచ్చి నెల రోజుల క్యాంపు మీద పెడితే పిల్లలు నలిగిపోతారు.

రెండోది సమ్మేళనం లాంటిది. పెద్ద పెద్ద కళాకారులు వస్తారు, పిల్లలు వందల్లో ఉంటారు. 1977లో కిరణ్ సేఠ్ మొదలుపెట్టిన స్పిక్ మెకే సంస్థ వేసవి సమావేశాలు ఇలాంటివే. దాదాపు వారం రోజులు ఆశ్రమ పద్ధతిలో ఉండాలి, తెల్లవారుజామునే లేవాలి, రాత్రి పొద్దుపోయేదాకా కచేరీలు వినాలి. ఇక్కడ మీ అబ్బాయి గొంతు సరిచేసేవాళ్లు ఎవరూ ఉండరు, అందుకు పెట్టింది కూడా కాదు. ధ్రుపదం (హిందుస్తానీలో పాత గానపద్ధతి), రుద్రవీణ, కూడియాట్టం (కేరళ సంస్కృత నాటకం) లాంటివి ఎదురుగా కూర్చుని చూసే అవకాశం మనవైపు పిల్లలకి మామూలుగా దొరకదు. వినికిడి పెరగడానికి ఇంతకంటే మంచిది నాకు కనపడదు.

మూడోది పాశ్చాత్య సంగీతం వైపుది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఇంటర్‌లాకెన్‌లో 1928లో జోసెఫ్ మాడీ హైస్కూలు పిల్లల ఆర్కెస్ట్రా కోసం మొదలుపెట్టిన క్యాంపు ఈ తరహాకి పేరుపడింది. వెళ్లగానే ఆడిషన్ పెట్టి, స్థాయిని బట్టి ఆర్కెస్ట్రాలోనో కోయిర్‌లోనో కూర్చోబెడతారు. నలుగురితో కలిసి వాయించడమే ఇక్కడ అసలు చదువు. కీబోర్డు, గిటార్, పాశ్చాత్య వయొలిన్ నేర్చుకుంటూ లండన్ ట్రినిటీ కాలేజీ గ్రేడ్ పరీక్షలు రాసే పిల్లలకి ఇది పనికొస్తుంది. నొటేషన్ చూసి అప్పటికప్పుడు వాయించడం రానివాళ్లు మాత్రం మొదట్లో బాగా తడబడతారు. వెళ్లేముందు రెండు నెలలు ఆ ఒక్కటీ గట్టిచేసుకుంటే చాలు.

వాట్సాప్‌లో తిరిగే పోస్టర్లలో ఈ మూడూ కలిపి రాస్తారు. గురుకుల వాతావరణం, ప్రముఖుల వర్క్‌షాప్‌లు, ముగింపు కచేరీ అన్నీ ఉంటాయి. అసలు సంగతి తేలాలంటే ఫోన్ చేసి మూడే అడగండి. ఒక గురువుకి ఎంతమంది పిల్లలు? రోజులో మా పిల్ల ఒక్కతే గురువు ముందు పాడేది ఎన్ని నిమిషాలు? పిల్లలు తమంతట తాము సాధకం చేసుకోవడానికి విడిగా టైమ్ ఇస్తారా? రెండోదానికి "అందరూ కలిసే పాడతారండీ" అని జవాబొస్తే అది గురుకులం కాదు. మూడోదానికి జవాబు లేకపోతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్లాసులే పెడతారని అర్థం. నోటుబుక్కు నిండుతుంది కానీ పాట నిలవదు.

సర్టిఫికెట్ సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు. ఘంటసాలగారి పేరు పెట్టిన మన ప్రభుత్వ సంగీత కళాశాలలో సర్టిఫికెట్ కోర్సుకి నాలుగేళ్లు, ఆ మీద డిప్లొమాకి రెండేళ్లు చదవాలి. నెల రోజుల క్యాంపులో ఇచ్చే కాయితం దాని పక్కన నిలబడేది కాదు. దాన్ని చూసి ఫీజు కట్టకండి.

మొదటి వారం

గుంటూరు బ్రాడీపేట నుంచి నా దగ్గరకి వచ్చే ఒక అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా చెన్నైలో ఒక గురుకులం క్యాంపుకి వెళ్లింది. వర్ణాలు (కీర్తనలకి ముందు నేర్పే పాఠాలు) మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, గడగడా పాడేది, గుంటూరులో పోటీలకి వెళ్తే ప్రైజు లేకుండా తిరిగొచ్చేది కాదు. అక్కడ మొదటి రోజు వర్ణం అందుకుంటే గురువుగారు పల్లవి దగ్గరే ఆపేశారట. తంబురా పెట్టి షడ్జమం, అంటే 'స', ఒక్కటే పట్టమన్నారు. మర్నాడు మాయామాళవగౌళలో సరళీ స్వరాలు, అదీ మొదటి కాలంలో. చిన్నప్పుడు ఎప్పుడో అయిపోయిన పాఠం. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి, "నాకేమీ రాదంటున్నారమ్మా" అని ఏడ్చింది. వాళ్లమ్మగారు వెంటనే నాకు ఫోన్ చేశారు. "ఇన్నేళ్లు నేర్చుకున్నాక మళ్లీ సరిగమలా మేడమ్?"

తిరిగొచ్చాక ఆ అమ్మాయి నోటుబుక్కు చూశాను. మొదటి పేజీల్లో పాటన్నదే లేదు. తేదీ, టైమ్, దాని పక్కన ఇలాంటి రాతలు: "అంతర గాంధారం కొంచెం దిగుతోంది. పైనుంచి వచ్చేటప్పుడు మాత్రమే." "రెండో కాలంలో తాళం పరుగెత్తింది." "ఈరోజు గాంధారం పదిసార్లలో ఏడుసార్లు సరిగ్గా నిలిచింది." చివరి వారంలో కల్యాణిలో తను సొంతంగా అల్లుకున్న నాలుగు స్వరాల వరసలు, వాటిలో రెండు కొట్టేసి ఉన్నాయి. ఇంట్లోవాళ్లకి ఆ పుస్తకం నచ్చలేదు. అంత డబ్బు పోసి పంపితే ఒక్క కొత్త కీర్తనా లేదని వాళ్ల బాధ. నాకు మాత్రం ఆ కొట్టివేతలు చూసి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. తన తప్పు తనకే వినపడుతోంది, ఎక్కడ వస్తోందో కూడా తెలుస్తోంది. పదేళ్లు నేర్చుకున్నా ఈ చెవి రానివాళ్లు ఉన్నారు.

మొదటి వారంలో పాట ఎందుకు పాడవుతుందో కూడా ఇందులోనే ఉంది. మన పిల్లలు వర్ణాన్ని ఒక గుక్కలో అప్పజెప్పడానికి అలవాటు పడతారు. గమకం (స్వరాన్ని ఊపి పలికే తీరు) ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియకుండానే గొంతు దాన్ని గీసుకుంటూ పోతుంది. కొత్త గురువు దాన్ని ఆపి, విడగొట్టి, నెమ్మదిగా పాడమనేసరికి పాత అలవాటు చెదురుతుంది, కొత్తది ఇంకా కుదురుకోదు. ఆ మధ్యకాలంలో పిల్లలకి వచ్చింది కూడా రానట్టు ఉంటుంది. వయొలిన్ పిల్లలకి ఇది మరీ కష్టం. కమాను పట్టుకునే తీరు మార్చారంటే వారం రోజులు కీచుమని మోత తప్ప నాదం రాదు. నిద్ర చాలినంత ఉండి, రోజూ కొద్దికొద్దిగా చేస్తే రెండో వారం చివరికి చెయ్యి మాట వినడం మొదలుపెడుతుంది. నేర్చుకున్న కదలిక నిద్రలో కూడా స్థిరపడుతుంది కాబట్టి, రాత్రి పదకొండు దాకా పాడించి తెల్లవారి నాలుగింటికి లేపే క్యాంపు ఎంత గొప్పదైనా నెల రోజులకి మంచిది కాదని నా నమ్మకం. వారం సమావేశానికైతే సర్దుకోవచ్చు.

సాధకం చేసే పద్ధతి అన్నాను కదా, అదేమిటో కాస్త విడమరచి చెప్పాలి. ఇంట్లో పిల్లలు ఎలా చేస్తారు? వర్ణం మొదలుపెట్టి చివరిదాకా పాడతారు. మధ్యలో ఒకచోట తడబడతారు, దాటుకుని వెళ్లిపోతారు. మళ్లీ మొదటినుంచి పాడతారు, మళ్లీ అక్కడే తడబడతారు. అరగంటలో ఐదుసార్లు పాడితే ఐదుసార్లూ ఆ తప్పునే సాధకం చేసినట్టు. మంచి క్యాంపులో దీన్ని తిరగేస్తారు. ఆ తడబడే అర ఆవర్తనం (తాళంలో సగం చుట్టు) మాత్రమే తీసుకుంటారు. ఆదితాళంలో ఎనిమిది క్రియల్లో నాలుగింటి మేర. దాన్ని మొదటి కాలంలో శ్రుతి సరిచూసుకుంటూ పాడిస్తారు. కుదిరాక దాని ముందు ముక్క కలుపుతారు, తర్వాత వెనక ముక్క. అప్పుడు కాలం పెంచుతారు. ఫోన్లో రికార్డు చేసి, పాడినంతసేపూ వినిపిస్తారు. తన గొంతు తాను వినడం మొదట్లో పిల్లలకి భరించలేనట్టే ఉంటుంది, రెండు మూడు రోజుల్లో అలవాటవుతుంది. అరగంట చేసి కాస్త ఆగి మళ్లీ అరగంట. రోజుకి నాలుగైదు గంటల సాధకం అంటే ఇలాంటి ముక్కలన్నీ కలిపితే వచ్చే లెక్కే తప్ప, ఏకబిగిన కూర్చుని చేసేది కాదు.

గొంతు, వేళ్లు, భుజాలు

మగపిల్లల్ని పంపేవాళ్లు ఒకటి తప్పకుండా తెలుసుకోవాలి. పన్నెండు పదిహేనేళ్ల మధ్య స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు పొడవై, గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. నిన్నటిదాకా ఐదు శ్రుతిలో (శ్రుతి అంటే పాటకి ఆధారంగా పెట్టుకునే స్వరం ఎత్తు) హాయిగా పాడినవాడు ఒకటిన్నరకో రెండుకో వచ్చి ఆగుతాడు. ఈ మార్పు కొందరికి నెలల్లో అయిపోతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. మధ్యలో గొంతు పగలడం, తారస్థాయిలో మాట రాకపోవడం మామూలే. ఇది తెలియని చోట పిల్లాణ్ణి పాత శ్రుతిలోనే అరిపిస్తారు. తెలిసిన గురువు శ్రుతి దించి, మంద్ర (కింది), మధ్య స్థాయిల్లో తక్కువ మోతాదులో పాడిస్తూ, మిగతా టైమ్ తాళం మీద, వినికిడి మీద పెట్టిస్తాడు. అప్లికేషన్‌లో శ్రుతి అని అడిగినచోట రెండేళ్ల కిందటి అంకె రాసి పంపకండి. వెళ్లేముందు వారంలో ఒకసారి సరిచూసుకోండి. ఆడపిల్లల గొంతు కూడా ఆ వయసులో మారుతుంది, అంత కొట్టొచ్చినట్టు కనపడదంతే. గాలి కలిసినట్టు, బొంగురుగా వినిపిస్తుంది. దానికి బద్ధకమనో సాధకం లేదనో పేరు పెట్టకూడదు.

గొంతు బొంగురుపోయి రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాల్సిందే. మిరియాల కషాయాలతో నెట్టుకురావద్దు. వీణ పిల్లలకి వేళ్ల కొసలు కాయలు కాయడం సహజం. మణికట్టు, మెడ, భుజం నొప్పి మాత్రం సహజం కాదు. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే ఆ రోజుకి వాయిద్యం కింద పెట్టి గురువుకి చెప్పమని పిల్లలకి ముందే నేర్పి పంపండి. నొప్పిని ఓర్చుకుంటేనే విద్య వస్తుందని మనలో ఒక మాట నాటుకుపోయింది. దానివల్ల చేతులు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

తిండి గురించి. క్యాంపులు జరిగేది సరిగ్గా మనం ఆవకాయ పెట్టుకునే రోజుల్లోనే. గుంటూరు నుంచి వెళ్లే పిల్లల పెట్టెలో కొత్తావకాయ సీసా, గోంగూర పచ్చడి, కారప్పొడి ఉండకుండా ఉండవు. అక్కడి చప్పిడి సాంబారు తినలేరని అమ్మల బెంగ. కానీ రాత్రి తొమ్మిదింటికి కారం, నూనె ఎక్కువగా తిని వెంటనే పడుకుంటే కడుపులో పులుపు పైకి తన్ని గొంతుకి తగులుతుంది. తెల్లవారి అకారసాధనకి ('ఆ' అంటూ స్వరాలు పట్టే సాధకానికి) కూర్చుంటే గొంతు జీరబోతుంది. పచ్చడి పంపండి, మధ్యాహ్నం మాత్రమే వేసుకోమనండి. ఏసీ గదుల్లో గొంతు ఎండిపోతుంది కాబట్టి నీళ్లు దగ్గర పెట్టుకోవడం అలవాటు చెయ్యండి.

వాయిద్యం తీసుకెళ్లేవాళ్లకి ఎండ ఇంకో పరీక్ష. వీణ మెట్లు ఇరవైనాలుగూ నల్ల మైనం మీద కూర్చుని ఉంటాయి. మే నెలలో బెంజ్ సర్కిల్ దగ్గర కారు పార్క్ చేసి భోజనానికి వెళ్తే, తిరిగొచ్చేసరికి మైనం మెత్తబడి మెట్లు జరుగుతాయి. ఆ మెట్లు మళ్లీ కుదర్చడం చేయి తిరిగినవాళ్ల పని. మనకి నూజివీడు దగ్గరే ఉంది, అక్కడ వీణలు చేసేవాళ్లున్నారు. క్యాంపు జరిగే ఊళ్లో అలాంటివాళ్లు ఉండాలని లేదు. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో పగటిపూట వెళ్తే వీణ ఒళ్లో పెట్టుకున్నంత జాగ్రత్తగా కిటికీ ఎండ తగలకుండా చూసుకోవాలి. వీలైతే అక్కడే వాయిద్యం ఇస్తారేమో కనుక్కోవడం ఉత్తమం. వయొలిన్ వాళ్లు తీగలు ఇంకో సెట్టు, కమానుకి రాసే రోజిన్ పెట్టుకుంటే చాలు.

ఫోను, బెంగ, పక్కవాళ్లతో పోలిక

చాలా క్యాంపుల్లో పిల్లల ఫోన్లు తీసుకుని సాయంత్రం కాసేపు ఇస్తారు. ఇంటి మీద బెంగ మొదటి మూడు నాలుగు రోజులు ఎక్కువగా ఉంటుంది, అందులోనూ చీకటిపడే వేళ. సరిగ్గా అప్పుడే ఫోన్ చేతికొస్తుంది కాబట్టి మీకు వినపడేది రోజు మొత్తంలో అతి బలహీనమైన పావుగంట. పొద్దున ఎంత ఉత్సాహంగా పాడిందో మీకు తెలియదు.

పంపేటప్పుడు "నచ్చకపోతే ఫోన్ చెయ్యి, వెంటనే వచ్చేస్తాం" అని ధైర్యం చెప్తాం. ప్రేమతో అన్నదే అయినా అది పిల్లలకి సాయం చెయ్యదు. అక్కడ సర్దుకోవాల్సిన మనసు రోజూ సాయంత్రం వచ్చేయాలా ఉండాలా అని తూచుకుంటూ కూర్చుంటుంది. దాని బదులు "మొదట్లో బెంగగా ఉంటుంది, అందరికీ ఉంటుంది, రెండో ఆదివారం మేం చూడ్డానికి వస్తాం" అని ఖాయంగా చెప్పండి. ఫోన్లో "ఏడుస్తున్నావా?" అనకండి. "ఇవాళ ఎవరి పాట విన్నావు?" అని అడగండి. నానమ్మలు, అమ్మమ్మలు ఫోన్ దగ్గర కూర్చుని ఏడవకుండా చూసుకోవడం కూడా పెద్దవాళ్ల పనే.

ఇక పోలిక. గుంటూరులో ఫస్ట్ ప్రైజ్ అలవాటైన పిల్ల, పక్క మంచం మీద పన్నెండేళ్ల చెన్నై పిల్ల అలవోకగా కల్పనస్వరాలు (అప్పటికప్పుడు అల్లే స్వరాలు) వేస్తుంటే చూసి డీలా పడుతుంది. జూనియర్ కాలేజీల ర్యాంకులకి అలవాటుపడిన మనం వెంటనే "నీ పొజిషన్ ఎంత?" అంటాం. దయచేసి ఆ ప్రశ్న అక్కడికి తీసుకెళ్లకండి. సంగీతంలో పక్కవాళ్లు బాగా పాడితే మన పిల్ల నష్టపోయేది ఏమీ లేదు. ఆ పాట రోజూ చెవిన పడటమే మీరు కట్టిన ఫీజుకి వచ్చే పెద్ద లాభం. మన పిల్లలకి అక్కడ గౌరవం దొరికే చోటు కూడా ఒకటుంది. కర్ణాటక సంగీతంలో కీర్తనలు అధికభాగం తెలుగులోనే ఉన్నాయి. పాఠం తమిళంలోనో ఇంగ్లీషులోనో నడిచినా, సాహిత్యం దగ్గరకి వచ్చేసరికి అందరూ మనవాళ్ల వైపు తిరిగి పదం ఎక్కడ విరవాలో, భావం ఏమిటో అడుగుతారు. వెళ్లేముందు తనకి వచ్చిన కీర్తనలకి అర్థం తెలుసుకుని వెళ్లమని నా దగ్గర పిల్లలకి ఇందుకే చెప్తాను. భాష రాని చోట బిక్కుబిక్కుమంటూ కూర్చున్న పిల్లకి ఆ ఒక్క ప్రశ్నతో స్నేహాలు మొదలవుతాయి.

అడగడానికి మొహమాటపడకూడనివి

గురువు అంటే మనకి దేవుడితో సమానం. ఆ భక్తి వల్లే భద్రత గురించి అడగడానికి నోరు రాదు. 2018లో లైంగిక వేధింపుల ఆరోపణలు వచ్చినప్పుడు మద్రాసు మ్యూజిక్ అకాడమీ కొందరు కళాకారులను ఆ ఏడాది కచేరీల నుంచి పక్కన పెట్టింది. అంటే ఈ రంగం కూడా మిగతా రంగాల్లాంటిదే. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలందరికీ 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది, సంగీత గురువుకి అందులో మినహాయింపు లేదు.

అందుకని నేరుగా అడగండి. ఆడపిల్లల బసలో రాత్రి ఉండే వార్డెన్ ఎవరు? విడిగా పాఠం చెప్పేటప్పుడు గది తలుపు తీసి ఉంటుందా, బయటివాళ్లకి లోపల కనపడుతుందా? పిల్లలకి ఇబ్బంది వస్తే గురువుకి కాక ఇంకెవరికి చెప్పుకోవాలి? నిజంగా జాగ్రత్త తీసుకునేవాళ్లు ఈ ప్రశ్నలకి నొచ్చుకోరు, జవాబు సిద్ధంగా ఉంటుంది. "మా గురించి అలా అడుగుతారా" అన్నవాళ్ల దగ్గరకి పంపకండి. చైల్డ్‌లైన్ నంబరు 1098 పిల్లలకి నోటికి రావాలి.

బెంగకీ ప్రమాదానికీ తేడా కనిపెట్టొచ్చు. బెంగపడే పిల్ల ఏడుస్తూనే క్లాసు సంగతులు చెప్తుంది, రోజురోజుకీ ఏడుపు తగ్గుతుంది. తిండి మానేసినా, నిద్ర పట్టడం లేదన్నా, ఒక మనిషి పేరు రాగానే మాట మార్చినా, గుసగుసగా మాట్లాడుతున్నా ఆలోచించకుండా బయల్దేరండి. ముగింపు కచేరీ పోయినా ఏం కాదు.

డబ్బు విషయంలో చెప్పేది తక్కువే. ఫీజులో భోజనం, బస, లాండ్రీ కలిసి ఉన్నాయా, మధ్యలో వస్తే ఎంత తిరిగిస్తారు, ఇవి రాతపూర్వకంగా తీసుకోండి. పిల్ల ఆరోగ్యం బాగాలేక రెండో వారంలో తిరిగొచ్చేస్తే రూపాయి ఇవ్వని చోట్లు నాకు తెలుసు.

ఏ వేసవిలో పంపాలి?

మన స్కూళ్లకి ఏప్రిల్ చివర్నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. కాగితం మీద అంతే. తొమ్మిది అయిపోగానే టెన్త్ క్లాసులని, టెన్త్ అవగానే ఇంటర్ బ్రిడ్జి కోర్సని పిలుస్తారు. టెన్త్ తర్వాత దొరికే సెలవులే పెద్దవి కదా అని చాలామంది అప్పుడు పంపుతారు. ఆ వేసవిలో పిల్ల మనసు సగం కాలేజీ అడ్మిషన్ మీద ఉంటుంది, జూన్ నుంచి సాధకానికి గంట కూడా దొరకదు, తెచ్చుకున్నది రెండు నెలల్లో జారిపోతుంది. ఎనిమిది అయ్యాక వచ్చే వేసవి నా లెక్కలో అన్నిటికంటే మంచిది. ఊరు వదిలి ఉండగల వయసు వచ్చి ఉంటుంది, వచ్చాక స్థిరపరచుకోవడానికి కనీసం ఒక ఏడాది చేతిలో ఉంటుంది. మగపిల్లల గొంతు సరిగ్గా అప్పుడే మారుతుంటే ఒక ఏడాది ఆగండి, లేదా వినికిడికి ప్రాధాన్యం ఇచ్చే వారం సమావేశానికి పంపండి.

తిరిగొచ్చాక

రైలు దిగిన సాయంత్రమే బంధువులు కూర్చుని "ఏదీ, నేర్చుకున్నది ఒకటి పాడు" అంటారు. క్యాంపు నుంచి వచ్చిన పిల్లలు చాలామంది అప్పుడు పాడరు, పాడినా మధ్యలో ఆపి "ఇది సరిగ్గా రాలేదు" అంటారు. చెవి పెరిగింది, గొంతు ఇంకా దాన్ని అందుకోలేదు. వచ్చాక ఓ నెల రోజులు వాళ్లని వదిలెయ్యండి. పొద్దున ఒక అరగంట, సాయంత్రం ఒక అరగంట ఎవరూ టీవీ పెట్టకుండా, పిలవకుండా ఉండే గది చూపించండి. ఇంట్లో మీరు చెయ్యగలిగింది అంతకంటే లేదు, అంతకంటే అక్కర్లేదు కూడా. ఒకప్పుడు మన ఇళ్లలో పొద్దున్నే విజయవాడ రేడియోలో భక్తిరంజని మోగేది, వినడమన్నది దానంతటదే జరిగిపోయేది. ఇప్పుడు రోజుకో కచేరీ ముక్కయినా కూర్చుని వినాలని విడిగా పెట్టుకోవాలి. అక్కడ పట్టుబడ్డ వినికిడి నిలవాలంటే అదే దారి.

ఇక ఇక్కడి గురువు సంగతి. చాలామంది మాకు చెప్పకుండా పంపిస్తారు, బాధపడతామేమోనని. చెప్పి పంపితేనే పిల్లకి మంచిది. ఒకే కీర్తనకి ఒక్కో గురుపరంపరలో ఒక్కో పాఠాంతరం ఉంటుంది. సంగతులు (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీర్లు) వేరు, ఎడుపు (తాళంలో పాట ఎత్తుకునే చోటు) కూడా ఒక్కోసారి వేరు. అక్కడ విన్న రెండు సంగతులు, ఇక్కడ నేర్చుకున్న మూడు సంగతులు కలిపేసి పాడితే ఏదీ నిలబడదు. అక్కడిది తప్పా, ఇక్కడిది తప్పా అని పిల్ల తేల్చుకోవాల్సిన అవసరం లేదు. రెండూ విడివిడిగా ఉంచుకోవాలి, ఎవరి ముందు వారి పాఠం పాడాలి. ఇది మేం చెప్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. చెప్పకపోతే ఆరు నెలలు పిల్ల రెండు పడవల్లో కాళ్లు పెట్టి నడుస్తుంది.

తిరిగొచ్చాక మొదటి క్లాసుకి కొత్త కీర్తన అడగకుండా ఆ నోటుబుక్కు, ఫోన్లో రికార్డింగులు పట్టుకుని రమ్మంటాను. అవి విన్నాక, అక్కడ ఎక్కడ ఆపారో ఆ సరళీ వరస దగ్గర్నుంచే మొదలుపెడతాం.